ఖాళీగా తిరిగిరాని పళ్ళెం

మా వీధిలో ఒక ముసలమ్మ ప్రాణం నా చేతి మీద నిలబడి ఉంది. నేనే లేకపోతే ఆవిడ ఈ చలికాలం గట్టెక్కేది కాదు. ఈ మాట డబ్లిన్‌లో నాకు ఎదురైన ప్రతి తెలుగువాడికీ చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం అద్దె హాల్లో మా తెలుగు ఆరాధన ముగిశాక అందరూ టీ కప్పులు పట్టుకుని నిలబడతారు కదా, అక్కడ కొత్తగా చదువుకోవడానికి వచ్చిన పిల్లలకైతే మరీ విడమరిచి చెప్పాను. "మీరు చాలా గ్రేట్ అంకుల్" అన్నారు వాళ్ళు. ఆ వెంటనే, ఎక్కడైనా అద్దెకి గది ఉందా అని అడిగారు.

ఇక కొంచెం తగ్గించి చెప్తాను. వండేది నా కూతురు. బోమాంట్‌లో పెద్దాసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి, కోటు కూడా విప్పకుండా పొయ్యి వెలిగిస్తుంది. గిన్నెలో సర్దేది అల్లుడు. మూత బిగించేది మనవరాలు. మోసుకెళ్ళేది మాత్రం నేనే. మోయడమంటే పెద్ద దూరమేమీ కాదు. మా గుమ్మానికీ ఆవిడ గుమ్మానికీ మధ్య మోకాలెత్తు గోడ ఒకటి ఉంది. కుర్రతనంలో అయితే దాటేవాణ్ణి. ఇప్పుడు మా గేటు తీసుకుని, చుట్టు తిరిగి, ఆవిడ గేటు తీసుకుని వెళ్తాను. నా పరిచర్య మొత్తం అంతే.

ఆవిడ నాకంటే పెద్దది. భర్త పోయి చాలాకాలమైంది. హాల్లో యేసు ప్రభువు పటం, దాని కింద ఎప్పుడూ ఆరని చిన్న ఎర్ర బల్బు. నన్ను "లవ్" అని పిలుస్తుంది. మొదటిసారి విన్నప్పుడు నా గుండె ఒక్క క్షణం తడబడిన మాట నిజం. మర్నాడు బస్సు డ్రైవర్ని కూడా అలాగే పిలిచింది. దాంతో సర్దుకుంది.

మా ఆవిడ పోయాక కూతురు నన్ను ఇక్కడికి తెచ్చుకుంది. వచ్చేటప్పుడు నేను పట్టుబట్టి సూట్‌కేసులో పెట్టించిన సామాను ఒక్కటే, మూత ఉన్న స్టీలు గిన్నె. దాని అంచున మా ఆవిడ పేరు చుక్కల అక్షరాలతో కొట్టి ఉంటుంది. పక్కింటికి కూర వెళ్ళేది ఆ గిన్నెలోనే. తిరిగి వచ్చేటప్పుడు అది ఎన్నడూ ఖాళీగా రాలేదు. ఒకసారి ఆవిడ చేసిన గోధుమ రొట్టె, ఒకసారి ఎండు ద్రాక్ష వేసిన స్కోన్లనే బన్నులు, ఒకసారి సగం ఆపిల్ టార్టు. ఈ దేశంలో కూడా గిన్నె ఖాళీగా తిప్పి పంపరని చూసి నాకు ముచ్చటేసేది.

మొన్న గాలివాన. గొడుగులు వెనక్కి తిరిగిపోయే రకం. మేడ మీద కిటికీలోంచి చూస్తే ఆవిడ బస్‌స్టాప్ నుంచి వస్తోంది. ఒక చేతిలో షాపు సంచి, ఇంకో చెయ్యి గోడ పట్టుకుని. రెండడుగులు వేసి ఆగుతోంది. సాయంత్రానికి నా గిన్నె వచ్చింది. లోపల షాపు కేకు. ధర చీటీ పీకేశారు. కానీ అట్ట మీద జిగురు మచ్చ మిగిలింది. గోటితో బాగా గీకినట్టుంది. ఆ మచ్చ మీద వేలు పెట్టగానే నా కళ్ళ ముందుకి ఒక కోడిగుడ్డు వచ్చింది. దాని మీద బొగ్గు మసి.

ఇక మా ఊరికి వెళ్ళక తప్పదు.

మాది కాలవ పక్క ఊరు. ఊరి చివర మా పేట, పేట నడుమ గుడి. మేము చర్చి అనేవాళ్ళం కాదు, గుడి అనే అనేవాళ్ళం. నాన్న దాని పక్కనే మిషన్ బడిలో పంతులు. ఇల్లు చిన్నది, మనుషులెక్కువ. అమ్మ, నాన్న, నాయనమ్మ, అక్క, నేను, చూరు కింద గంపలో ఒక కోడి.

క్రిస్మస్‌కి ముందు పేటంతా ఒకటే వాసన. నానబెట్టిన కొత్త బియ్యం, కొత్త బెల్లం. రోకలి పోట్లు ఒక ఇంట్లో ఆగితే ఇంకో ఇంట్లో మొదలయ్యేవి. అరిసెల పాకం దగ్గర మా ఇంట్లో ఏటా ఒక యుద్ధం. నాయనమ్మ పళ్ళెంలో నీళ్ళు పోసుకుని, అందులో పాకం చుక్క వేసి, వేళ్ళతో ఉండ చేసి చూసేది.

"ఇంకొక్క పొంగు రానీవే."

"రానిస్తే ముదిరిపోతుందత్తయ్యా. పోయినేడు మీ మాట వినే కదా, అయ్యగారి పన్ను కదిలింది."

"ఆయన పన్ను అంతకుముందే కదులుతోంది. నా అరిసె ఏం చేసింది?"

అయ్యగారంటే మా పాస్టరుగారు. ఆయన ఆ వారం కనికరం గురించి వాక్యం చెప్పారు. చాలాసేపు చెప్పారు. మా మీద మాత్రం కనికరించలేదు. నేను నిద్రపోయి ముందు బల్ల మీద పడ్డాను, అక్క నా తొడ మీద గిల్లింది. ఆ గిల్లుడు తప్ప ఆ రోజు వాక్యంలో నాకేమీ గుర్తులేదు. కనికరం అంటే ఏమిటో నాకు తెలిసింది గుడిలో కాదు, ఆ మర్నాడు, పళ్ళేలు పంచేటప్పుడు.

పిండివంటలు కాగానే పళ్ళెంలో సర్ది, తెల్లటి గుడ్డ కప్పి, ఇంటింటికీ పంపేవాళ్ళు. మోసే ఉద్యోగం నాది. మా పేట ఇళ్ళకే కాదు, ఊళ్ళోకి కూడా. వెళ్ళిన పళ్ళెం ఖాళీగా రాదు. సాయిబు గారింట్లో ఖర్జూరాలు వేసేవాళ్ళు. శెట్టిగారింట్లో పటిక బెల్లం. ఏమీ లేనివాళ్ళు కూడా ఇంత పంచదారో, గుప్పెడు బియ్యమో, చెట్టున కాసిన నిమ్మకాయో పెట్టి పంపేవాళ్ళు. ఖాళీ పళ్ళెం తిప్పి పంపితే రెండు కొంపలకీ మంచిది కాదని నాయనమ్మ అనేది. తిరుగు దారిలో ఖర్జూరాల బరువు కొంత తగ్గేది. ఆ సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ ఉదయం అన్ని ఇళ్ళకీ పళ్ళేలు వెళ్ళాక, అమ్మ కొన్ని అరిసెలూ జంతికలూ తీసి అరిటాకులో పెట్టి, అరటి నారతో కట్టింది.

"ఇది గంట పిన్నికి ఇచ్చిరా."

గంట పిన్ని అసలు పేరు మాకు తెలియదు. గుడి గంట కొట్టే బాబాయి జ్వరంతో పోయాక, ఆ గంట తాడు ఆవిడ చేతికి వచ్చింది. గుడి వెనక తాటాకిల్లు. కప్పు పూర్తిగా చివికిపోయింది. వాన కురిస్తే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చుక్కల కింద పెట్టేది. "మా ఇంట్లో గిన్నెలన్నీ బాప్తిస్మం పుచ్చుకున్నాయి వదినా" అని అమ్మతో నవ్వేది. అలా నవ్వేదే గానీ, ఎవరైనా ఊరికే ఏదైనా ఇస్తే పుచ్చుకునేది కాదు. ఇంత పచ్చడి ఇస్తే ఇంటెడు చాకిరీ చేసి వెళ్ళేది. ఆ ఏడు ఆవిడ కోడి పొదుక్కి వచ్చింది. గుడ్లు కూడబెట్టి దాని కింద పెట్టింది. పిల్లలు లేస్తే, పెరిగితే, వాటిని అమ్మి వేసవిలో ఇంటికి కొత్త కప్పు వేయించుకుంటానని కనపడిన వాళ్ళందరికీ చెప్పుకుంది. మళ్ళీ వానాకాలం ఆ కప్పు కింద గడపడం ఆవిడ వల్ల కాదు. దగ్గు అప్పటికే పట్టుకుంది.

అమ్మ అరిటాకు పొట్లం నా చేతిలో పెట్టగానే నాకు ఒళ్ళు మండింది. ఎందుకో చెప్పాలి. నాన్న కామందు గారి పిల్లలకి లెక్కలు చెప్పేవాడు. నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. లెక్కలయ్యాక వాళ్ళింట్లో మాకు ఫలహారం పెట్టేవాళ్ళు. పెరటి అరుగు మీద, ఆకులో. చెయ్యి తగలకుండా పైనుంచి వేసేవాళ్ళు. తిన్నాక ఆకు మేమే తీసి దూరంగా పారేసి, కూర్చున్న చోట నీళ్ళు చల్లి రావాలి. నాన్న ఆ నీళ్ళు చల్లేటప్పుడు నేను ఇంకోవైపు చూసేవాణ్ణి. నాకు ఆకంటే అదే. సాయిబు గారికి పళ్ళెం, శెట్టిగారికి పళ్ళెం, మన గంట పిన్నికి ఆకా? అమ్మ కూడా కామందు గారి పెళ్ళాంలా తయారైందా? వెంటనే వెనక్కి తిరిగి, అలమరలోంచి అన్నిటికంటే మంచి పళ్ళెం తీశాను. పువ్వుల అంచున్న పింగాణీ పళ్ళెం. మిషన్ దొరసాని తన దేశానికి వెళ్ళిపోతూ అమ్మకిచ్చింది. అందులో అరిసెలు సర్ది, గుడ్డ కప్పి, న్యాయం నిలబెట్టడానికి బయల్దేరాను.

ఇలాగే చెప్పాను చాలా ఏళ్ళు. సాక్ష్యం చెప్పమంటే గుడిలో కూడా ఇలాగే చెప్పాను. అందులో ఒక్క ముక్క మింగేశాను. మింగింది అరిసెలు. పొట్లం పట్టుకుని నేను మొదట గుడి గోడ వెనక్కి వెళ్ళాను. నార విప్పాను. రెండు తిన్నాను. మళ్ళీ కట్టబోతే అరిటాకు నిలువునా చీలింది. చీలిన ఆకు పట్టుకెళ్తే అమ్మా, పిన్నీ ఇద్దరూ అడుగుతారు. అందుకని ఇంటికి తిరిగొచ్చి పళ్ళెం తీశాను. కామందు గారి ఆకు గుర్తొచ్చింది పళ్ళెం తీసేటప్పుడే. అదేమీ అబద్ధం కాదు, నిజంగానే మండింది. కాకపోతే ఆకు చిరగకపోతే అంత మండేది కాదేమో.

గంట పిన్ని గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతోంది. పళ్ళెం చూసి లేచింది. దాని పువ్వుల అంచు చూసింది. తర్వాత వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. అలా చూస్తూ కొంచెంసేపు నిలబడింది.

"ఎంత మంచి పళ్ళెం నాయనా" అంది.

"మా ఇంట్లో ఇదే గొప్పది పిన్నీ. నేనే తెచ్చాను."

"ఉండు. నిలబడు."

లోపలికి వెళ్ళింది. కోడి గోల వినిపించింది. కాసేపటికి కొంగుతో దేన్నో తుడుస్తూ, తుడుస్తూ వచ్చింది. పళ్ళెం మీద గుడ్డ తిరిగి కప్పి నా చేతికిచ్చింది.

"అమ్మకివ్వు. పరిగెత్తకు."

వెనకాలే కోడి వచ్చింది, ఒళ్ళంతా ఉబ్బించుకుని, అరుచుకుంటూ. నా కాళ్ళకడ్డం పడింది. నేను దాన్ని "హుష్" అని అదిలించి మరీ వచ్చాను.

ఇంటికొచ్చాక అమ్మ గుడ్డ తీసింది. గుడ్లు. ఒకటి తీసి చెంపకి ఆనించుకుంది. ఆ చలి పొద్దున అది వెచ్చగా ఉంది. అటూ ఇటూ తిప్పింది. పొదగేసే గుడ్ల మీద మావైపు బొగ్గుతో గీత గీస్తారు, తర్వాత పెట్టిన కొత్త గుడ్లతో కలిసిపోకుండా. ఆ గీత తుడిచేసి ఉంది. కానీ తుడిస్తే పోయేది కాదు కదా బొగ్గు. బూడిద రంగు మచ్చ మిగిలింది.

"ఈ పళ్ళెం ఎవర్రా తీసింది?"

నేను అక్క వైపు చూశాను. అక్క నన్నే చూస్తోంది. దారి లేక ఒప్పుకున్నాను.

"నేను ఆకులో కట్టిచ్చాను కదరా!"

"ఆకులో పెట్టడమేంటమ్మా? కామందు గారింట్లో మనకి పెట్టినట్టు?"

అమ్మ చేతిలో గుడ్డు అలాగే ఉండిపోయింది.  నాన్న పుస్తకంలోంచి తలెత్తాడు.

"వాళ్ళు మన చెయ్యి తగలకూడదని ఆకులో పెడతారు" అంది అమ్మ. "నేను దాని చెయ్యి ఖాళీగా కనపడకూడదని పెట్టాను. ఆకైతే పారేస్తుంది. పళ్ళెం పంపితే తిప్పి పంపాలి. ఏం పెట్టి పంపుతుందిరా? దానింట్లో ఏముంది?"

కొట్టలేదు. కొట్టడానికి సమయం లేదు. గుడ్లు చల్లారిపోతున్నాయి.

"నేను పట్టుకెళ్ళి ఇచ్చేస్తాను" అన్నాడు నాన్న. "పిల్లాడు తెలియక చేశాడు, క్షమించమ్మా అని చెప్తాను."

"క్షమిస్తుంది. గుడ్లు మాత్రం తీసుకోదు. ఒకవేళ తీసుకున్నా, మళ్ళీ మన గడప తొక్కదు. పండగ పూట ఇచ్చింది మొహాన తిప్పికొడితే మీరైతే ఊరుకుంటారా?"

"మరెలా?"

 అమ్మ ఊక కుండలో చెయ్యి పెట్టి మా కోడి గుడ్లు తీసింది. పొయ్యిలోంచి బొగ్గు ముక్క తీసి వాటి మీద గీసింది. తర్వాత వాటిని కూడా కొంగుతో తుడిచి, అదే రకం మచ్చ చేసింది. పిన్ని గుడ్లూ మా గుడ్లూ బుట్టలో గడ్డి మీద కలిపేసి, కాచిన గుడ్డ కప్పింది. అక్కకి చెవిలో ఏదో చెప్పింది. నన్ను రమ్మంది.

ఆ రోజు మా అమ్మ చేసిన నటన ఏ నాటకంలోనూ చూడలేదు నేను. గుమ్మంలోనే నడుం పట్టుకుని నిట్టూర్చింది.

"అమ్మాయ్, నీతో పనిబడి వచ్చాను. కాదనకు."

"నాతోనా వదినా?"

"మా కోడి ఉంది చూశావూ, ఒట్టి మొండిది. పొదుక్కి కూర్చోనంటోంది. గుడ్లన్నీ పాడైపోతున్నాయి. నీ కోడి ఎలాగూ కూర్చుంది కాబట్టి, ఇవి కూడా దాని కింద పెట్టు. లేచిన పిల్లలు చెరి సగం. పెంచే చాకిరీ నీది, నూకలు నావి."

పిన్ని బుట్ట మీద గుడ్డ తీసింది. ఒక గుడ్డు తీసి చూసింది. ఇంకోటి తీసింది.

"ఇవి మా కోడి గుడ్లలా ఉన్నాయే వదినా."

"గుడ్డు గుడ్డులా కాక నాలా ఉంటుందా?"

"మీ కోడి కూర్చోనందా?"

"కూర్చోనంది."

పిన్ని గుడి గోడ మీంచి మా ఇంటి వైపు ఒకసారి చూసింది. తర్వాత మొహం పక్కకి తిప్పుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. "కూర్చోనంటే పాపం మీరు మాత్రం ఏం చేస్తారు" అంటూ బుట్ట తీసుకుని లోపలికి వెళ్ళింది. కోడి గోల ఆగింది.

అమ్మ ఇంటికి వచ్చే దారిలో చెమటలు తుడుచుకుంది, ఆ చలిలో.

పిల్లలు లేచాయి. కొన్నిటిని గద్ద ఎత్తుకుపోయింది. మిగిలినవి పెరిగాయి. మా సగం సంగతి ఎప్పుడు వచ్చినా అమ్మ "పెరగనీవే, ఇప్పుడేం తొందర" అనేది. అలా అంటూ ఉండగానే వేసవి వచ్చింది, కప్పు వేసేవాళ్ళు వచ్చారు, పచ్చి తాటాకు వాసన గుడి లోపలికి కూడా వచ్చింది. తొలకరి వాన ఆదివారం పొద్దున పడింది. ఆ రోజు మా గుడి గంట ఆలస్యంగా మోగింది. అయ్యగారు విసుక్కుంటే పిన్ని తడిసిన తలతో నిలబడి చెప్పింది: "ఇంట్లో కూర్చుని వాన చప్పుడు వింటున్నానయ్యగారూ. కింద పడకుండా పైనే ఉంటే ఇంత బాగుంటుందని తెలియదు."

ఆ గుడి ఇప్పుడు లేదు. దాని చోట స్లాబు వేసి పెద్దది కట్టారు. గంట బదులు మైకులో రికార్డు. పింగాణీ పళ్ళెం అక్క పెళ్ళిలో పగిలింది. అరిటాకు పొట్లం కట్టే చేతులు ఎప్పుడో మట్టిలో కలిశాయి.

అందుకే కేకు అట్ట మీద జిగురు మచ్చ చూడగానే నాకు అంత పనైంది. నేను స్టీలు గిన్నె పంపుతుంటే, దాన్ని నింపి తిప్పి పంపడం కోసం ఆ ముసలావిడ గాలివానలో గోడలు పట్టుకుని షాపుకి వెళ్తోంది. అదే తప్పు మళ్ళీ చేశాను, ముసలితనంలో. ఇక నుంచి కూర ఐస్‌క్రీము ఖాళీ డబ్బాలో పంపాలని తీర్మానించాను. తిన్నాక పారేసుకోవచ్చు. అదే నా అరిటాకు.

నిన్న సాయంత్రం అన్నాల దగ్గర ఈ తీర్మానం ప్రకటించాను. కూతురు డ్యూటీలో ఉంది. బల్ల దగ్గర అల్లుడు, మనవరాలు, మా అక్క. అక్క వాటర్‌ఫోర్డ్‌లో కొడుకు దగ్గరుంటుంది, నాల్రోజులు ఉండిపోదామని బస్సెక్కి వచ్చింది. నాకంటే రెండేళ్ళే పెద్ద. కానీ నన్ను ఇప్పటికీ పలక పట్టుకుని బడికి పోయేవాడిలాగే చూస్తుంది.

"ఐస్‌క్రీమ్ బాక్సా? దట్స్ ఎ బిట్ రూడ్, తాతా" అంది మనవరాలు. దానికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం డబ్లిన్ యాసలో వస్తుంది.

రూడ్ కాదని, అదే అసలైన కనికరమని, పైన రాసిన కథంతా చెప్పాను. కొంచెం పెంచి చెప్పాను. కోడి నన్ను పొడిచిందన్నాను, రక్తం వచ్చిందన్నాను. అమ్మ మాటలు చెప్పేటప్పుడు నా గొంతు నాకే బాగా అనిపించింది. మనవరాలు తినడం ఆపేసింది.

"సో, ఆ పిన్ని నెవర్ న్యూ?"

"ఎక్కడ తెలుస్తుందమ్మా? పాపం అమాయకురాలు. చచ్చేదాకా తెలియలేదు. అదీ మీ తాతమ్మ తెలివి."

అంతసేపూ మాట్లాడకుండా చేప ముళ్ళు ఏరుకుంటున్న అక్క చెయ్యి ఆగింది.

"తెలియదా?"

"ఏం, తెలుసా?"

"ఒరేయ్, మన కోడి ఆ రోజు పొదుగు మీదే ఉంది. చూరు కింద గంపలో, నాల్రోజుల నుంచి. అమ్మ నా చెవిలో ఏం చెప్పిందనుకున్నావ్? దాన్ని కదలనివ్వకు, నోరు మూయించు అని. నేను గంప మీద గోనె కప్పి, దాని మీద పడుకున్నాను. పొదుగు కోడి గొంతు ఎలా ఉంటుందో పేటలో చంటిపిల్లకి కూడా తెలుసు. సరిగ్గా అమ్మ 'కూర్చోనంది' అన్నప్పుడే అది గోనె కింద నుంచి గీపెట్టింది. మధ్యలో ఉన్నది గుడి గోడేగా."

"నాకు వినపడలేదే."

"నీ నోట్లో జంతిక ఉంది. కరకరలాడిస్తుంటే ఏం వినపడుతుంది? పిన్ని దగ్గింది అన్నావు చూడు, అది దగ్గు కాదు. నవ్వు. నా పెళ్ళిలో తనే చెప్పింది నాకు. 'మీ అమ్మ అంత కష్టపడి అబద్ధం ఆడుతుంటే కాదంటే బాధపడుతుందని తీసుకున్నానే' అంది."

మనవరాలు ముందు నవ్వింది. తర్వాత నా మొహం చూసి ఆపేసింది. నేను మంచినీళ్ళు తాగాను.

"సర్లే" అన్నాను. "కోడి సంగతి వదిలెయ్. పక్కింటావిడ సంగతి అలా కాదుగా. నా కేకు కోసం వానలో..."

"నీ కేకు కోసం కాదు. రోజూ పొద్దున చర్చిలో పూజకి వెళ్తుంది. వానైనా వెళ్తుంది. కేకు దారిలో కొంటుంది. మొన్న మధ్యాహ్నం నువ్వు గురకపెట్టి నిద్రపోతుంటే నేనూ ఇదీ వెళ్ళి టీ తాగి వచ్చాం." అక్క మనవరాలి వైపు గడ్డం ఊపింది. "చెప్పవే."

మనవరాలు పళ్ళెంలోకి చూసింది. "షీ టోల్డ్ మీ నాట్ టు టెల్ యూ, తాతా."

"ఏం చెప్పొద్దంది?"

"ఆవిడకి కారం పడదురా" అంది అక్క. "కడుపులో పుండు. ఎప్పట్నుంచో. నువ్విచ్చిన కూర ఇన్నాళ్ళలో ఒక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. శుక్రవారం వచ్చే ఆవిడ అల్లుడు మొత్తం పట్టుకుపోతాడట, వాడికి మహా ఇష్టమట. ఇంకా వీధిలో ముసలమ్మని బతికిస్తున్నానని చెప్పుకు తిరుగుతున్నావ్. పెళ్ళాం పోయిన మొగాడు, ఆమె పేరున్న గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఎలా వద్దంటామని తీసుకుంటోంది. ఆ డబ్బా గిబ్బా ఏమీ వద్దు, ఆ గిన్నెలోనే పట్టుకెళ్ళు. పోయి, రేపటి కూరలో కారం వేయొద్దని నీ కూతురికి ఫోన్ చెయ్."